మియజాకిలో మూడు రాత్రులు, నాన్న డైరీలో యాభై వరుసలు

ముందుగా ఒక మాట. నవంబర్‌లో డన్‌లప్ ఫీనిక్స్ గోల్ఫ్ టోర్నమెంట్ చూడ్డానికి జపాన్‌లోని మియజాకి వెళ్లేవాళ్లెవరైనా ఉంటే, "కోర్సుకు పది నిమిషాలు, గదిలోంచి సముద్రం" అని రాసి ఉన్న చవక బసల జోలికి పోకండి. స్టేషన్ పక్కన మామూలు బిజినెస్ హోటల్ తీసుకోండి. ఎందుకంటున్నానో చెప్తాను.

మా అమ్మానాన్నలు 2023 అక్టోబర్‌లో విశాఖ నుంచి యోకొహామాలో మా ఇంటికి వచ్చారు. నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆయనకు ఈ ఆటంటే ప్రాణం. వచ్చీ రాగానే పెట్టె తెరిచి ఒక పాత పోర్టు డైరీ తీశారు. అందులో రెండు పేజీల్లో గీతలు గీసి, డన్‌లప్ ఫీనిక్స్ విజేతల పేర్లు 1974 నుంచి వరసగా రాసుకున్నారు. అన్నీ తెలుగులోనే. మొదటి వరుసలో జానీ మిల్లర్. 1977 దగ్గర స్పెయిన్ ఆటగాడి ఇంటిపేరు రెండుసార్లు కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో "బయెస్తెరోస్" అని దిద్దుకున్నారు. 2004, 2005 వరుసల్లో టైగర్ వుడ్స్ కింద ఎర్ర సిరాతో గీత. 2022 తర్వాత ఒక వరుస ఖాళీ. అది 50వ టోర్నమెంట్. ఆ ఖాళీని అక్కడే కూర్చుని నింపాలన్నది ఆయన కోరిక.

టోక్యో హనెదా విమానాశ్రయం నుంచి మియజాకికి విమానం గంటా నలభై నిమిషాలు. ముగ్గురికి రానూ పోనూ 1,08,600 యెన్‌లు. ప్రయాణం హాయిగా సాగింది. విమానాశ్రయం దాటగానే రోడ్డు పొడవునా ఈతచెట్లలాంటి పెద్ద చెట్లు కనిపించాయి. వీటినే ఫీనిక్స్ అంటారు. ఖర్జూరం జాతివి. గోల్ఫ్ కోర్సుకు ఆ పేరు ఆ చెట్ల నుంచే వచ్చింది, బూడిదలోంచి లేచే పక్షి నుంచి కాదు. "మన భీమిలి రోడ్డులా ఉంది" అని అమ్మ సంబరపడింది. ఆ సంబరం గంటసేపే.

మేం దిగింది శుక్రవారం, నవంబర్ 17. ఆ రోజు నాగుల చవితి. అమ్మ ఉపవాసం. చిమ్మిలి, చలివిడి యోకొహామాలోనే చేసి డబ్బాలో పెట్టుకుంది. గదికి చేరాక స్నానం చేసి, దేవుడి పటం ముందు పెట్టి, తర్వాత ఏదైనా తినాలని ఆమె ఆలోచన. సాయంత్రం ఆరున్నరకు ఆ బసకు చేరాం. మూడు రాత్రులకు ముగ్గురికి 58,500 యెన్‌లు నెల ముందే కార్డులోంచి తీసేసుకున్నారు. స్టేషన్ దగ్గర హోటల్ 61,000 అంది. 2,500 మిగులుతుంది, పైగా సముద్రం కనిపిస్తుందని దీన్ని తీసుకున్నాను.

తలుపు తియ్యగానే గుప్పున సిగరెట్ కంపు. మేం అడిగింది పొగ తాగని గది. ఇచ్చింది తాగే గది. మంచాలు రెండే. కిటికీ నాలుగు వేళ్ల మేర తెరుచుకుంటుంది. బయట సముద్రం లేదు, పక్క భవనం ఏసీ డబ్బాలున్నాయి. కిందికి వెళ్లి ఫోన్‌లో బుకింగ్ చూపించాను. ముగ్గురు అని స్పష్టంగా ఉంది. కౌంటర్‌లో ఉన్నాయన చదివి, నడుము వంచి, "మోషివాకె గొజాయిమసేన్" అన్నాడు. క్షమించమని. గది మార్చమంటే టోర్నమెంట్ వారం, ఒక్కటీ ఖాళీ లేదన్నాడు. మూడో మనిషికి కింద పరుపు వెయ్యాలంటే రాత్రికి 3,300 అదనమట! ముగ్గురికని డబ్బు తీసుకుని, మూడో మనిషి పడుకోవడానికి మళ్లీ డబ్బా? ఇదే మాట నాలుగు రకాలుగా అడిగాను. నాలుగుసార్లూ నడుము వంచాడు, అదే మాట అన్నాడు. గొడవ పెట్టుకునే మనిషితో ఎలాగోలా వాదించవచ్చు. ఇంత మర్యాదగా కాదనేవాడితో ఏం మాట్లాడతాం? నలభై నిమిషాల తర్వాత 9,900 కట్టాను. రసీదు మాత్రం అడిగి తీసుకున్నాను.

అమ్మ అంతసేపూ లాబీలో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. "ఆ కంపులో దేవుడికి ఎలా పెడతానురా" అంది. చివరికి ఆ లాబీలోనే ఒక మూల చిన్న బల్ల మీద పటం పెట్టి, దీపం లేకుండానే దణ్ణం పెట్టుకుని, రెండు చిమ్మిలి ఉండలూ ఒక అరటిపండూ తింది. నాన్న "పోనీలే నాన్నా, కింద నేను పడుకుంటాలే" అన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి చేత ఆ మాట అనిపించినందుకు నాకింకా కోపం తగ్గలేదు.

అంతటితో అయిపోలేదు. కోర్సుకు ఉచిత బండి ఉందని కూడా బసవాళ్లు రాశారు. తీరా చూస్తే దానికి ముందు రోజు సాయంత్రం ఐదు లోపు పేరు రాయించుకోవాలట. మేం వచ్చిందే ఆరున్నరకు. ఆదివారానికి శనివారం పొద్దున్నే అడిగినా సీట్లు నిండిపోయాయన్నారు. రెండు రోజులూ టాక్సీయే. ఒక్కో వైపు 3,120, మొత్తం 12,480. అంటే బసకైన అసలు ఖర్చు 80,880 యెన్‌లు.

ఇప్పుడు కోర్సు సంగతి. హితొత్సుబ తీరం వెంబడి నల్ల పైన్ చెట్ల అడవి ఉంది. ఆ అడవిలోనే ఫీనిక్స్ కంట్రీ క్లబ్. మొత్తం 27 హోల్స్ (బంతి వెయ్యాల్సిన గుంటలు), అందులో 18 ఈ టోర్నమెంట్‌కు వాడతారు. ఆ ఏడాది పార్, అంటే ఆ 18 హోల్స్‌కి పడతాయని లెక్కవేసే దెబ్బలు (స్ట్రోకులు), 71. బంతి దారి తప్పిందంటే ఆ చెట్ల మధ్యకే పోతుంది. కింద ఇసుక, ఎండిన సూదులాకులు. నడుస్తుంటే కాళ్ల కింద మెత్తగా ఉంది. గాలికి పైకొమ్మలు ఊగుతూ హోరుమంటాయి. అది సముద్రపు చప్పుడనుకుని అమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

నాన్న శనివారం 18వ గ్రీన్, అంటే చివరి హోల్ ఉన్న పచ్చిక, దగ్గర కూర్చుండిపోయారు. ఇంక లేవరు. అక్కడ "నిశ్శబ్దం" అని రాసిన పలక పట్టుకుని ఒక ముసలాయన నిలబడ్డారు. స్థానికుడే, వాలంటీరు. ఆట ఆగినప్పుడు నాన్న ఒళ్లో డైరీ చూసి, ఇదేం భాషని నన్ను అడిగారు. చెప్పాను. నాన్న వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదవడం మొదలుపెట్టారు. టామ్ వాట్సన్ అనగానే ఆయన, "రెండుసార్లు" అన్నట్టు వేళ్లు చూపించారు. నిజమే, 1980లో ఒకసారి, మళ్లీ పదిహేడేళ్లకు, 48 ఏళ్ల వయసులో 1997లో. 1985లో నకజిమా పేరు రాగానే ఆయన పలక చంకలో పెట్టుకుని చిన్నగా చప్పట్లు కొట్టారు. మొదలైన పన్నెండో ఏడు కాని ఒక జపాన్ ఆటగాడు ఈ కప్పు ఎత్తలేదు. అంతవరకూ బయటివాళ్లదే. ఇక జంబో ఒజాకీ అనేసరికి మూడు వేళ్లు. 1994, 1995, 1996. మూడోది ఒజాకీ ప్రొఫెషనల్ జీవితంలో నూరో గెలుపు.

టైగర్ మీద ఇద్దరికీ కాసేపు వాదన, నేను మధ్యలో దుబాసీ. 2004లో ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచినదే గొప్పదని నాన్న. 2005లో యొకొఓ కనమెతో ప్లేఆఫ్ (స్కోర్లు సమమైతే గెలుపు తేల్చే అదనపు ఆట) నాలుగో హోల్ దాకా వెళ్లిందే అసలు ఆటని ఆ ముసలాయన. 2006లో టైగర్‌ను ఐర్లాండ్ ఆటగాడు హారింగ్టన్ ప్లేఆఫ్‌లో ఓడించాడన్న దగ్గర ఇద్దరూ ఒకేసారి తలలూపారు. 2008 చదువుతుంటే అమ్మ "ప్రసాదా? మనవాడా?" అంది. కాదు, ప్రయాద్ మార్క్‌సేంగ్, థాయిలాండ్ ఆటగాడు. మనవాళ్లెవరూ ఈ పట్టీలో లేరు. ఆ లోటు నాన్నకు బాగా ఉంది. 2006లో ఇక్కడ హారింగ్టన్ గెలిచిన తర్వాతి వారమే మన జీవ్ మిల్ఖా సింగ్ జపాన్‌లోనే కాసియో వరల్డ్ ఓపెన్ గెలిచాడు, ఆపై వారం నిప్పన్ సిరీస్ కూడా గెలిచాడు. "ఒక్క వారం ముందు ఆ ఊపు వచ్చుంటే" అంటారు నాన్న ఇప్పటికీ.

తిండి గురించి రెండు మాటలు. మియజాకి వంటకం చికెన్ నన్‌బన్. కోడిని వేయించి, పుల్లటి పాకంలో ముంచి, పైన టార్టార్ సాస్ వేస్తారు. కార్తీక మాసం కాబట్టి అమ్మానాన్నలు ముట్టరు, వాళ్ల ముందు నేనూ తినలేదు. శాకాహారులైతే చల్లటి సూపు హియజిరు జోలికి వెళ్లకండి, అందులో చేప ఉంటుంది. స్టేషన్ దగ్గర ఒక చిన్న హోటల్‌లో మాత్రం కూరగాయల తెంపురా అడిగితే గుమ్మడి, చిలగడదుంప, వంకాయ అప్పటికప్పుడు వేయించి ఉప్పుతో ఇచ్చారు. ముంచుకు తినే పులుసులో చేప కలుస్తుందని దాన్ని పక్కన కూడా పెట్టలేదు. మేం అడక్కముందే! ప్లేటు 1,100. మర్యాద అంటే అదీ. అమ్మ రెండోసారి గుమ్మడి ముక్కలు అడిగింది.

ఆదివారం జరిగింది మేమెవరం అనుకోనిది. సుగియుర యూత అనే 22 ఏళ్ల కుర్రాడు, నిహొన్ యూనివర్సిటీ విద్యార్థి, అమెచ్యూర్ (ప్రొఫెషనల్ కానివాడు), మూడు స్ట్రోకుల తేడాతో గెలిచేశాడు. యాభై టోర్నమెంట్లలో అమెచ్యూర్ గెలవడం ఇదే మొదటిసారి. విజేతకు 4 కోట్ల యెన్‌లు, కానీ అమెచ్యూర్ కాబట్టి అతనికి ఒక్క యెన్ రాదు. ఆ మాట చెప్పగానే నాన్న మొహం మారిపోయింది. "ఎవరికిస్తారు మరి?" అంటే రెండో స్థానంలో ఉన్నవాడికి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీసి 2023 పక్కన "సుగియుర" అని రాసి, బ్రాకెట్‌లో "స్టూడెంట్" అని పెట్టారు.

పలక పట్టుకున్న ముసలాయన వెళ్లిపోతుంటే నాన్న పిలిచి డైరీ, పెన్ను చేతిలో పెట్టారు. ఆయన చేతి గ్లవ్ తీసి, జేబు రుమాలుతో వేళ్లు తుడుచుకుని, తెలుగు పేరు పక్కనే ఆ కుర్రాడి పేరు వాళ్ల లిపిలో నాలుగు అక్షరాలు నిదానంగా రాసిచ్చారు. సిరా ఆరేదాకా నాన్న డైరీ ముయ్యలేదు. టాక్సీలో కూడా తెరిచే పట్టుకున్నారు.