12 ఏళ్ళు, 2,31,000 కిలోమీటర్లు: నా ఎటియోస్ డీజిల్ లెక్కలు

మొన్న వైరాలో టీ కోసం బండి పక్కకు ఆపాను. గ్లాసు చేతికి వచ్చేలోపే చంకలో సంచితో ఒక పెద్దాయన వెనక డోరు తీసి కూర్చుని, "కొత్తగూడేనికి ఎంత తీసుకుంటవ్ బాబూ?" అన్నాడు. ఇది ట్యాక్సీ కాదు తాతా, నంబర్ ప్లేటు తెల్లగా ఉంది చూడు అంటే, "బండి కూడా తెల్లగనే ఉందిగా" అన్నాడు. ఎటూ తల్లాడలో పని ఉంది కాబట్టి అక్కడి దాకా దింపాను. ట్యాక్సీలుగా తిరిగే ఎటియోస్ కార్లు చాలా ఉంటాయి, అందుకే తెల్ల ఎటియోస్ కొన్నవాడికి ఇది తప్పదు. నన్ను డ్రైవర్ అనుకుని పిలిచినవాళ్ళ లెక్క రాసుకోలేదు గానీ, మిగతా లెక్కలన్నీ రాసుకున్నాను. డ్యాష్‌బోర్డు సొరుగులో ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం ఉంటుంది. మార్చిన ఆయిలు, బల్బు, టైరు అన్నీ తారీఖుతో సహా అందులో ఉన్నాయి. ఆ పుస్తకం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

బండి టయోటా ఎటియోస్ జీడీ, 1.4 లీటర్ల డీజిల్. 2013 మేలో కొత్తది తీసుకున్నాను, ఆన్ రోడ్ తొమ్మిది లక్షలకు కొంచెం తక్కువ పడింది. రిజిస్ట్రేషన్ ఖమ్మం. తెలంగాణ వచ్చాక కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, ఆ తర్వాత టీజీ వచ్చింది, నాది మాత్రం ఇంకా ఏపీ 20 తోనే తిరుగుతోంది. నేను విత్తనాల కంపెనీలో ఏరియా ఆఫీసర్‌ని. మిర్చి, మొక్కజొన్న సీజన్లలో పొద్దున ఖమ్మంలో బయల్దేరితే ఏన్కూరు, జూలూరుపాడు, సత్తుపల్లి తిరిగి రాత్రికి ఇల్లు చేరతాను. సగం తారు రోడ్డు, సగం డొంక దారి. నా అనుభవాన్ని ఈ వాడకంతో కలిపే చదవండి. ఆఫీసుకి రోజూ ఆరు కిలోమీటర్లు వెళ్ళివచ్చేవారికి ఇందులో కొన్ని మాటలు పనికిరావు, కొన్నయితే తలకిందులవుతాయి కూడా. ఆ సంగతి మా బావమరిది బండి దగ్గర చెప్తాను.

కొనేముందు నేనూ అందరిలాగే తెలిసినవాళ్ళని అడుగుతూ తిరిగాను. ఏ బండి ఉన్నవాడు ఆ బండే బాగుందన్నాడు. చివరికి ఖమ్మం రైల్వే స్టేషన్ బయట ట్యాక్సీలవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అందులో ఒక డ్రైవర్ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు. "బండి బాగుంటదా అంటే ఎవడైనా బాగుంటదనే అంటడు సార్. లక్షలు పోసి కొన్నోడు బాగలేదని చెప్పుకుంటడా? సంవత్సరంలో ఎన్ని రోజులు షెడ్డులో ఉంటదో అడగండి. షెడ్డులో ఉన్నా మా కిస్తీ ఆగదు కాబట్టి ఆ లెక్క మాకు నోటికి వచ్చు."

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వారం రోజులు స్టాండు చుట్టూ తిరిగాను. అప్పటికి ఎటియోస్ డీజిల్ వచ్చి రెండేళ్ళే. అయినా లక్ష దాటిన బండ్లు రెండు కనిపించాయి. సర్వీసు రోజు తప్ప ఆగలేదని ఇద్దరూ విడివిడిగా చెప్పారు. సీటు నడుముకి ఆనదని, ఇంజన్ చప్పుడు లోపలికి వినిపిస్తుందని తిట్టినవాళ్ళు కూడా వాళ్ళే. తిట్లు కూడా చెప్పారు కాబట్టే నమ్మకం కుదిరింది.

ఇక నా పుస్తకంలోని లెక్క. 12 ఏళ్ళలో సర్వీసులు కాకుండా బండి షెడ్డులో ఉన్నది 31 రోజులు. డీజిల్, ఇన్సూరెన్స్ పక్కన పెడితే సర్వీసులు, టైర్లు, బ్యాటరీలు, రిపేర్లు అన్నీ కలిపి 3,22,000 రూపాయలు. కిలోమీటరుకు రూపాయి నలభై పైసలకు అటూ ఇటూ. కంపెనీ చెప్పిన ఏఆర్ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) మైలేజ్ లీటరుకు 23.59 కిలోమీటర్లు. నాకు ఏసీతో హైవే మీద 19 నుంచి 20, ఖమ్మం ట్రాఫిక్‌లో 16 వస్తోంది. కొత్తలో ఎంత వచ్చిందో ఇప్పటికీ దాదాపు అంతే.

దారిలో గానీ ఇంటి దగ్గర గానీ బండి ఇక కదలనని మొండికేసింది మూడుసార్లు. మూడింటిలోనూ బండిని తిట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

మొదటిది 2016లో. దూర ప్రయాణంలో ఉండగా సర్వీసు టైమ్ దాటిపోయిందని హైవే పక్క షెడ్డులో ఆయిల్ మార్పించాను. ఫిల్టర్ సరిగ్గా బిగించలేదు. పన్నెండు కిలోమీటర్లు పోయాక ఆయిల్ లైటు వెలిగింది. వెంటనే ఇంజన్ ఆపేసి దిగి వెనక్కి చూస్తే రోడ్డు మీద నల్లటి గీత. ఆ లైటు వెలిగాక ఇంకో రెండు కిలోమీటర్లు "షాపు వచ్చేస్తుందిలే" అని నడిపి ఉంటే ఇంజన్ పనే అయిపోయేది. అప్పటినుంచి ఆయిల్ ఎక్కడ మార్పించినా డబ్బులిచ్చే ముందు ఇంజన్ ఐదు నిమిషాలు నడిపించి, వంగి కింద చూస్తాను. షెడ్డువాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

రెండోది పూర్తిగా నా పాపం. 2018 మే, పాల్వంచ దాటి భద్రాచలం వెళ్తున్నాను. ఆ ప్రాంతపు ఎండలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఏసీలోంచి ఉన్నట్టుండి వేడి గాలి రావడం మొదలైంది, ఆ వెనకే టెంపరేచర్ ఎర్ర లైటు. ఆపి బానెట్ ఎత్తితే రేడియేటర్ సలసలా కాగుతోంది. మూత ముట్టుకోకుండా ఓ నలభై నిమిషాలు చెట్టుకింద కూర్చున్నాను. తర్వాత బండిని లాగించుకుని పాల్వంచకి వెనక్కి వచ్చాను. మెకానిక్ రేడియేటర్ విప్పి, అందులోంచి ఒక తెల్లటి పెచ్చు తీసి నా అరచేతిలో పెట్టాడు. కోడిగుడ్డు పెంకంత మందం ఉంది. "ఏ నీళ్ళు పోస్తున్నరు సార్?" అన్నాడు. బోరు నీళ్ళు. మూడేళ్ళుగా కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గినప్పుడల్లా, ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి బోరు నీళ్ళు పోస్తూ వచ్చాను. మా ఇంట్లో నీళ్ళు కాచే గిన్నెకి అడుగున పట్టే తెల్ల పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పట్టింది. గొట్టాలు సన్నవి, మూసుకుపోయాయి. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందు ఉంటుందని, నీళ్ళు కలిపేకొద్దీ అది పలచబడుతుందని అప్పుడు తెలిసింది. కొత్త రేడియేటర్, గొట్టాలు కలిపి 9,200. లైటు వెలగగానే ఆపాను కాబట్టి వేడికి ఇంజన్ హెడ్ వంగలేదు, లేకపోతే ఆ అంకె వేరేగా ఉండేది. ఇప్పుడు డిక్కీలో ఒక లీటరు కలిపిన కూలెంట్ డబ్బా ఎప్పుడూ ఉంటుంది.

మూడోది ఎలుకలు. 2020 లాక్‌డౌన్‌లో బండి ఐదు వారాలు కదల్లేదు. డిక్కీలో మొక్కజొన్న శాంపిల్ ప్యాకెట్లు ఉన్న సంగతి మర్చిపోయాను. వాసనకి వచ్చాయో, వెచ్చగా ఉందని వచ్చాయో, ఇంజన్ మీద గడ్డీ గాదం, సీటు కింద ఫోమూ పోగేసి చక్కగా సంసారం పెట్టాయి. వైర్లు కొరికేశాయి. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. ఎలక్ట్రీషియన్ ఇంటికి వచ్చి రెండు రోజులు కూర్చుని ఒక్కో వైరూ అతికాడు, 6,400. ఎవరి సలహా వాళ్ళిచ్చారు. నాఫ్తలీన్ ఉండలు వేడికి కరిగిపోయాయి. ఒక రైతు ఇచ్చిన పొగాకు కాడలు బానెట్ కింద కట్టి ఉంచుతున్నాను, రాత్రి బానెట్ కొంచెం ఎత్తి పెడుతున్నాను. ఐదేళ్ళుగా మళ్ళీ రాలేదు. పొగాకు వల్లనో, విత్తనాలు బండిలో ఉంచడం మానేసినందుకో చెప్పలేను.

మిగతావన్నీ అరుగుదల ఖర్చులు. క్లచ్ 1,38,000 కిలోమీటర్ల దగ్గర మార్చాను. టైర్లు నాలుగు సెట్లు కొన్నాను, ఒక్కో సెట్టు నలభై ఐదు వేల కిలోమీటర్లకు పైనే వచ్చింది. ముందు షాక్ అబ్జార్బర్లు, కింది ఆర్మ్ బుష్‌లు డొంకల పుణ్యమా అని రెండుసార్లు. వెనక ఎడమ చక్రం బేరింగ్ ఒకసారి, ఎనభై దాటితే తేనెటీగల రొద వినిపించేది. ఇంజన్‌కి టైమింగ్ చెయిన్ కాబట్టి బెల్టు మార్చే గొడవ లేదు. డీజిల్ బండి పాతది కొనేవాళ్ళు బెల్టా చెయినా అని తప్పకుండా అడగాలి. బెల్టయితే ఎప్పుడు మార్చారో బిల్లు చూడాలి. తెగితే ఇంజన్ లోపల వాల్వులు వంగుతాయి. ఏన్కూరు దగ్గర ఒక గేదె హెడ్‌లైటు పగలగొట్టింది, అది హైదరాబాద్ నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. గేదెకి ఏమీ కాలేదు.

ఇప్పుడు బావమరిది సంగతి. నా మాట మీదే 2014లో అదే మోడల్ తీసుకున్నాడు. ఉండేది హైదరాబాద్‌లో, ఆఫీసుకి మెట్రోలో వెళ్తాడు. ఎనిమిదేళ్ళకి 38,000 కిలోమీటర్లు. నాకంటే తక్కువ తిప్పాడు కాబట్టి బండి పెళ్ళికూతురులా ఉండాలి కదా? ఆ ఎనిమిదేళ్ళలో మూడు బ్యాటరీలు మార్చాడు. వర్షాకాలం తర్వాత బ్రేకులు పట్టేసి, తీసేటప్పుడు డిస్కులు తుప్పుతో గరగరలాడేవి. టైర్లు అరగకుండానే పక్కలు పగిలాయి. "బావా, నువ్వు చెప్పినట్టు లేదు" అని ఫోన్ చేసినప్పుడల్లా నాకు చిన్నతనంగా ఉండేది. తర్వాత అర్థమైంది, నేను అతనికి నా బండి గురించి చెప్పాను గానీ నా రోడ్డు గురించి చెప్పలేదు. అతను రోజూ కాస్త దూరమైనా తిప్పితే, లేదా అసలు చిన్న పెట్రోల్ బండి కొనుక్కుంటే ఆ తలనొప్పులు ఉండేవి కావు. అప్పట్లో పెట్రోల్ కంటే డీజిల్ లీటరుకు బాగా తక్కువ, అందుకే అందరం కళ్ళు మూసుకుని డీజిల్ వెంట పడ్డాం. ఏడాదికి ఐదు వేల కిలోమీటర్లు తిరిగేవాడికి ఆ తేడాతో మిగిలేదెంత?

నచ్చనివి కూడా చెప్పాలి. మీటరు డ్యాష్‌బోర్డు మధ్యలో ఉంటుంది. అలవాటు పడ్డాను గానీ ఇప్పటికీ నచ్చదు. లోపలి ప్లాస్టిక్ చూస్తే తొమ్మిది లక్షల బండిలా ఉండదు. డ్రైవర్లు చెప్పిన సీటు, చప్పుడు రెండూ అక్షరాలా నిజం, రోజుకి రెండొందల కిలోమీటర్లు తోలితే నడుముకి చిన్న దిండు పెట్టుకోవాల్సిందే. అయితే ఇంట్లోవాళ్ళు సరదాగా తిట్టుకునే ఈ బండికే దాదాపు 590 లీటర్ల డిక్కీ. మా అమ్మాయి హాస్టల్ సామానంతా, బకెట్‌తో సహా, ఒక్క ట్రిప్పులో పట్టింది.

అసలైన బాధ వేరే ఉంది. కొనేటప్పుడు కొంత డబ్బు మిగులుతుందని ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్ తీసుకున్నాను. ట్యాక్సీ స్టాండులో మైలేజ్, క్లచ్, టైర్లు, షెడ్డు అన్నీ అడిగాను. ఈ మాట మాత్రం నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. 2016లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు రెండు ఎయిర్‌బ్యాగులున్న ఎటియోస్‌ని గుద్ది చూసి పెద్దల రక్షణకి నాలుగు స్టార్లు ఇచ్చారు. ఆ వార్త చదివిన రోజు నాకు సంతోషం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. పాతదైనా సరే, ఎటియోస్ కొనేవాళ్ళు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసేది) ఉన్నదే వెతకండి.

పాతది అని ఎందుకంటున్నానంటే, 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం తగ్గించే బీఎస్6 నియమం రావడంతో టయోటా ఎటియోస్‌ని ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. వాటిలో ట్యాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకి మారినవి చాలా ఉంటాయి. అందులో తప్పు లేదు, కానీ ధర ఆ లెక్కన ఉండాలి. ఆర్‌సీ వివరాల్లో ముందు ఏ క్లాసులో (ట్యాక్సీయా, సొంత బండా) ఉందో చూడండి. మీటరు 70,000 చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు వైపు ఒక చూపు వేయండి. నా బండిలో 1,20,000 దగ్గరే దాని గీతలు పూర్తిగా పోయాయి. స్టీరింగ్ నున్నగా మెరుస్తున్నా, డ్రైవర్ సీటు అంచు కుంగినా మీటరుని నమ్మకండి. బిల్లులు ఉన్నాయా అని అడగండి. "అన్నీ షోరూమ్‌లోనే చేయించాం సార్" అన్న మాట బిల్లు కాదు.

కొత్త డీజిల్ చూస్తున్నవాళ్ళకి ఒక మాట. బీఎస్6 బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడూ హైవే మీద కొంతసేపు ఆగకుండా వెళ్ళాలి. ఊళ్ళోనే తిరిగే బండికి అది నిండిపోయి లైటు వెలుగుతూనే ఉంటుంది. నాలా తిరిగేవాళ్ళకి ఇబ్బంది ఉండదు, మా బావమరిదిలాంటి వాళ్ళకి మాత్రం నేను వద్దనే చెప్తాను. ఈసారి అతను అడక్కముందే చెప్పాను.

మా అబ్బాయి ఎస్‌యూవీ అంటున్నాడు. రిజిస్ట్రేషన్ 2028 దాకా ఉంది కదా, అప్పుడు చూద్దాం అన్నాను. అయినా ఊరికే ఉండలేక పోయిన వారం స్టేషన్ దగ్గరికి వెళ్ళి నా పాత ప్రశ్నే అడిగి వచ్చాను. ఇప్పుడు అక్కడ సీఎన్‌జీ ఎర్టిగాలు ఎక్కువ కనిపిస్తున్నాయి. వాళ్ళు చెప్పింది నోటు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టాను. లక్ష దాటినవాళ్ళు ముగ్గురే దొరికారు, ఇంకో ఇద్దరు ముగ్గురితో మాట్లాడాలి. ఈలోపు నా క్లచ్ మళ్ళీ అరిగి, పెడల్ పైదాకా వచ్చాకే పట్టుకుంటోంది. సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్ళేలోపు మార్పించాలి.