160 రూపాయల గ్రామర్ పుస్తకం

మా అమ్మాయి ఏడో తరగతి. ఇంగ్లిష్ వ్యాసం రాసి ఇచ్చిన ప్రతిసారీ నోటుపుస్తకం ఎర్ర సిరాతో తిరిగి వస్తోంది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను, ఇప్పుడు రాంనగర్‌లో బ్లౌజులు కుడతాను. ట్యూషన్‌కు డబ్బు పెట్టే ముందు ఓసారి చూద్దామని కోఠీ పాత పుస్తకాల దుకాణాలకు వెళ్లాను. 220 చెప్పిన వర్క్‌బుక్‌ను బేరమాడి 160కి తెచ్చాను. రెండు నెలలుగా రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కలిసి చేస్తున్నాం.

కాగితం పలచన. జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీలోకి దిగుతుంది, పెన్సిలే వాడాలి.

కామా పాఠం మాత్రం బంగారం. రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతకకూడదట. మధ్యలో 'అండ్', 'బట్' లాంటి మాటైనా ఉండాలి, లేదా మొదటి వాక్యానికి ఫుల్‌స్టాప్ పెట్టాలి. దిద్దమని 30 వాక్యాలు ఇచ్చారు. మనం 'వెళ్లి', 'తిని', 'వచ్చి' అంటూ క్రియతోనే అతికేసే అలవాటున్నవాళ్లం కదా, అమ్మాయికి ఎంతకీ ఎక్కలేదు. చివరికి రెండు గుడ్డముక్కలకు గుండుసూది గుచ్చి చూపించాను. కామా ఇదీ, తొడుక్కుంటే ఊడిపోతుంది. 'అండ్' అంటే కుట్టు. ఇప్పుడు తన వ్యాసాల్లో గుండుసూదులు తనే ఏరుకుంటోంది.

'ఎ', 'అన్' పాఠం దగ్గర నాకు ఒళ్లు మండింది. ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు 'అన్' రావాలని పెద్ద డబ్బాలో వేశారు. అది నమ్మి అమ్మాయి 'యూనివర్సిటీ' ముందు 'అన్', 'అవర్' (గంట) ముందు 'ఎ' రాసింది. రెండూ తప్పే. చూడవలసింది అక్షరాన్ని కాదు, పలికే ధ్వనిని. మనకు దీనికి సులువైన దారి ఉంది: ఆ మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే 'అన్', హల్లుతో మొదలైతే 'ఎ'. అవర్, అంబ్రెల్లా, ఎమ్మెల్యే ఒకవైపు. యూనివర్సిటీ, యూనిఫాం ఇంకోవైపు. (గుడ్డును 'యెగ్గు' అని రాశారో, లెక్క తప్పుతుంది సుమా!) ఈ ధ్వని సంగతిని 47వ పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో మినహాయింపుగా పడేశారు.

వెనక ఉన్న జవాబులనూ పూర్తిగా నమ్మకండి. కుక్క దాని తోక ఊపిందనే వాక్యంలో 'ఇట్స్'కు అపాస్ట్రఫీ (అక్షరాల మధ్య పైన పెట్టే కామాలాంటి గుర్తు) పెట్టి అచ్చేశారు. 'ఇట్ ఈజ్' అనో 'ఇట్ హ్యాజ్' అనో విడదీసి చదివితే అర్థం కుదిరినప్పుడే ఆ గుర్తు పెట్టాలని పాఠంలో చెప్పిందీ వాళ్లే! అమ్మాయి సరిగ్గా రాసుకున్నది కొట్టేసి తప్పు దిద్దుకుంది. మర్నాడు టీచరును అడిగితే గాని తేలలేదు.

ఐదుకు మూడు నక్షత్రాలు. 160కి దొరికితే తీసుకోండి, 220కి వద్దు. కొనేటప్పుడు 33 నుంచి 48 దాకా పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. పక్క దుకాణంలో నేను తిరగేసిన ప్రతిలో ఆ పేజీల కట్ట మొత్తం లేదు, ఆ చీమ తలకాయ అక్షరాలతో సహా.