అశ్వమేధం పేరు పెట్టుకున్న నలికండ్ల పాము

"బల్లిని చూడ్డానికి మాచర్ల దాటి పోవాలా బావా? మా వంటింట్లో నాలుగున్నాయి, టికెట్ లేకుండా చూపిస్తా" అన్నాడు మా బావమరిది. గుంటూరు అరండల్‌పేటలో ఉంటాడు. కారు వాడిది కాబట్టి వాడి మాట పడాల్సిందే.

నేను చూడాలనుకున్నది బల్లి కాదు, నలికండ్ల పాము. పేరులో పాము ఉన్నా అది పాము కాదు. నాలుగు కాళ్లుంటాయి, ఒళ్లంతా నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో స్కింక్ అంటారు. 1969లో జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త ఆర్.సి. శర్మ రెండు కొత్త స్కింకుల గురించి ఒకే వ్యాసంలో రాశారు. రెండూ నాగార్జునకొండ లోయలో దొరికినవే. ఆ లోయ అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. ఒకదానికి కొండ పేరే పెట్టారు, యూట్రోపిస్ నాగార్జునెన్సిస్ అని. రెండోదాని పేరు అశ్వమేధి. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు మూడో శతాబ్దంలో అశ్వమేధం చేశాడు కదా, ఆ యాగస్థలం పేరే దానికి వచ్చింది. జానెడు లేని జీవికి అంత పెద్ద పేరు! విజయవాడలో పుట్టి నలభై ఐదేళ్లు వచ్చేదాకా ఈ సంగతి నాకు తెలియకపోవడం కొంచెం సిగ్గుగానే అనిపించింది.

శ్రీశైలం దర్శనం కలిపితేనే వస్తానని మా ఆవిడ షరతు పెట్టింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి కెమెరా తనకిస్తేనే వస్తానంది. అలా డిసెంబరులో మూడు రోజుల ప్రయాణం కుదిరింది.

శుక్రవారం తెల్లవారుజామున విజయవాడ సత్యనారాయణపురంలో బయల్దేరి గుంటూరులో బావమరిది కారెక్కాం. సత్తెనపల్లి దాటాక పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు మొదలయ్యాయి. అక్కణ్ణుంచి మాచర్ల దాకా రోడ్డు పక్కన ఎక్కడ చూసినా నాపరాయి పేర్చి ఉంటుంది. మన ఇళ్లలో అరుగులకీ అటకలకీ వాడే రాయి ఇదే. రాతి సందుల్లో బతికే జీవులకు ఈ నేల పెద్ద ఆస్తి. ఆ రాయినే మనం లారీలకెత్తి అమ్ముకుంటున్నామని వెళ్లేటప్పుడు తట్టలేదు గానీ తిరిగొచ్చేటప్పుడు తట్టింది. బస్సులో వచ్చేవాళ్లు మాచర్లలో మారాలి. గుంటూరు నుంచి మాచర్లకు రైలు కూడా ఉంది, తొందర లేనివాళ్లకు అది హాయి.

విజయపురి సౌత్‌లో లాంచీ స్టేషన్‌కి చేరాక తెలిసింది, నాగార్జునసాగర్ నీళ్ల మధ్య ద్వీపంలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవని. తప్పు నాదే, ముందే చూసుకోలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ టెన్షన్. మీరు మాత్రం శుక్రవారం పెట్టుకోకండి.

ఆ పూట ఎలా గడపాలా అని అనుపు వెళ్లాం. మొత్తం ప్రయాణంలో బాగా కలిసొచ్చింది ఇదే. ఊరికి పది కిలోమీటర్ల లోపే. డ్యాం నీళ్లలో మునిగిపోయే కట్టడాలను కొన్నిటిని ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలంలో చప్పట్లు కొడితే ప్రతిధ్వని వస్తుంది. అందరూ ఆ చప్పట్లు కొట్టి, సెల్ఫీ దిగి, పది నిమిషాల్లో వెళ్లిపోతారు. మేం రెండున్నర గంటలు కూర్చున్నాం. టీ కొట్టు లేదు, నీడ తక్కువ. నీళ్లు, టోపీ మీరే తెచ్చుకోవాలి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చిన్నపింజరి అనే విషపాము ఉండే నేల ఇది.

పదకొండున్నరకి ఎండ కాస్త వేడెక్కాక ఒక రాతి అంచున కదలిక కనిపించింది. ఇత్తడి రంగు ఒళ్లు. మెడెత్తి, పొట్ట రాతికి ఆనించి ఎండ కాగుతోంది. చలికాలంలో పాకే జీవులకు ఇదే పొద్దున టిఫిన్ లాంటిది. ఒళ్లు వేడెక్కితే తప్ప పురుగుల వెంట పరిగెత్తలేవు. మా అమ్మాయి బోర్లా పడుకుని మూడు ఫొటోలు తీసింది. నాలుగోదానికి అది లేదు. రాళ్ల సందులోకి నీళ్లు ఇంకినట్టు జారిపోయింది.

అప్పటికి అక్కడి పనివాడు ఒకాయన చేతిలో పుల్ల పట్టుకుని వచ్చాడు. "నలికండ్ల పామా బాబూ? విషం, చంపేయాలి" అన్నాడు. విషం లేదని, చేత్తో పట్టుకుంటే మహా అయితే తోక వదిలేసి పోతుందని చెప్పాను. ఆయన నమ్మలేదు గానీ పుల్ల కింద పడేశాడు. "ఈ జాతికి మీ కొండ పేరే పెట్టారండీ" అంటే మాత్రం నవ్వాడు. "మా కొండ పేరా? దీనికా?"

మేం చూసింది నాగార్జునెన్సిసే అని నేను బల్ల గుద్ది చెప్పను. మన పెరట్లో తిరిగే మామూలు నలికండ్ల పాముకూ దానికీ తేడా తేల్చాలంటే పొలుసులు లెక్కపెట్టాలి. అది పరిశోధకుల పని. పైగా అడవి జీవుల్ని అనుమతి లేకుండా పట్టుకోవడం నేరం కూడా. అశ్వమేధి అయితే ఇలా రాయెక్కి కూర్చునే రకం కాదు. పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, రాళ్ల కింద, ఆకుచెత్త కింద, మట్టిలో దాని కాపురం. దాన్ని చూడాలంటే రాళ్లు ఎత్తాలి. బావమరిది హుషారుగా ఒక రాయి ఎత్తాడు, కింద తేలు. రాయిని ఎక్కడిదక్కడ, ఎలా ఉన్నది అలా పెట్టించాను. రాయి కింద ఉండే చల్లదనం, తేమ వాటి ఇల్లు. తిరగేసి వదిలేస్తే ఒక్క మధ్యాహ్నపు ఎండకి ఆ ఇల్లు పోతుంది. తేలు పుణ్యమా అని మళ్లీ రాళ్ల జోలికి పోలేదు వాడు.

మధ్యాహ్నం ఎత్తిపోతల. 70 అడుగుల జలపాతం, కింద మొసళ్ల పెంపక కేంద్రం. వర్షాకాలంలో అయితే చూసి తీరాలి, డిసెంబరులో నీటి ధార సన్నగా ఉంది. మొసళ్ల దగ్గర జనం మూగారు. పక్క బండ మీద తొండ తల ఊపుతుంటే ఒక్కరూ చూడలేదు. దగ్గర్లోని ఒక హోటల్లో భోజనం చేశాం. చేపల పులుసు నిజంగా బాగుంది. కానీ తిన్నంతసేపూ స్పీకర్ మోత. ప్రకృతి ఒడిలో అని బోర్డు పెట్టి ఆ మోత ఎందుకో. పులుసు కోసం మళ్లీ వెళ్తాను, పార్సిల్ తెచ్చుకుంటాను.

రాత్రి విజయపురి సౌత్‌లోనే ఒక లాడ్జిలో దిగాం. రూమ్ పన్నెండు వందలు, దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు వస్తాయన్నారు, రాలేదు. గోడ మీద బల్లిని చూసి రూమ్ బాయ్ మమ్మల్ని సంతోషపెడదామని పురుగుల మందు సీసా పట్టుకొచ్చాడు. మా అమ్మాయి తలుపుకి అడ్డం నిలబడింది. "మీరు బల్లుల కోసం వచ్చారా సార్?" అన్నాడతను, మమ్మల్ని మార్చి మార్చి చూస్తూ. కుటుంబంతో వెళ్తే ఇంకో ఐదారు వందలు ఎక్కువ పెట్టి డ్యాం అవతల హిల్ కాలనీ వైపు చూసుకోవడం నయమని నా అభిప్రాయం. కాకపోతే లాంచీకి పొద్దున్నే ఇటు రావాలి.

శనివారం లాంచీ. జనం నిండేదాకా కదలదు, గంటసేపు ఎండలో కూర్చోబెట్టారు. లైఫ్ జాకెట్లు ఇచ్చారు, వేసుకున్నారో లేదో చూశారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి. ముప్పావు గంట ప్రయాణం. నీళ్ల మీద పోతుంటే ఒక ఆలోచన వదల్లేదు. 1955 డిసెంబరు 10న డ్యాంకి శంకుస్థాపన. 1954 నుంచి 60 వరకు పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపుకీ చేర్చారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఈ రెండు జీవులకు పేర్లు అచ్చయింది 1969లో. అంటే పుస్తకంలో పేరు ఎక్కేసరికి ఆ లోయ మా లాంచీ కింద నీళ్లలో ఉంది. శిల్పాలను మోసుకెళ్లడానికి ఇంజనీర్లు ఉన్నారు, నలికండ్ల పాములు వాటి కాళ్లతో అవే ఎక్కాలి. ఎక్కినవి ఇప్పటి ద్వీపంలో ఉండిపోతాయి. ఇంత నీళ్లు దాటి అవతలి అడవికి పోయే దారి లేదు. రెండు జాతులకూ లోయ బయట, నల్లమల వైపు రాతి అడవులు ఇంకా ఉన్నాయి కాబట్టి కొంత ఊరట.

మ్యూజియం బౌద్ధ విహారంలా కట్టారు. శిల్పాలు చూడ్డానికే రెండు గంటలు కావాలి, లాంచీవాళ్లు గంటలో హారన్ కొడతారు. నన్నడిగితే మ్యూజియానికి నలభై నిమిషాలు, స్నానఘట్టం వైపు నడవడానికి ఇరవై. ఆ పాత ఇటుకల మధ్య ఎండుగడ్డిలో రెండుసార్లు సరసర విన్నాం, ఏదీ కనబడలేదు. సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. చాంతమూలుడి గురించి అడిగితే ఒకాయన వివరంగా చెప్పాడు. అశ్వమేధం పేరుతో ఒక జీవి కూడా ఉందని నేను చెబితే కాగితం మీద రాసుకున్నాడు. అక్కడ ఒక బొమ్మ, నాలుగు లైన్ల బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. తిరుమల కొండల్లోని బంగారు బల్లికి ఆ అదృష్టం కొంత పట్టింది. 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించిన ఆ జీవి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, పేపర్లలో అప్పుడప్పుడూ ఫొటో వస్తుంది. దాని దగ్గరి చుట్టం శ్రీలంకలో ఒక్కటే ఉంది. మన నలికండ్ల పాములకు బంగారం రంగు లేదు, అదే వాటి ఖర్మ.

మధ్యాహ్నం యర్రగొండపాలెం మీదుగా దోర్నాల. అక్కణ్ణుంచి శ్రీశైలం వెళ్లే అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, అది లెక్కేసుకుని బయల్దేరండి. దీన్ని విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను. చీకటి పడ్డాక తారు ఇంకా వెచ్చగా ఉంటుంది, పాములు ఆ వెచ్చదనానికి రోడ్డు మీదికి వస్తాయి. గేటు మూయడం పులుల కోసమే అనుకుంటాం గానీ ఎక్కువ ప్రాణాలు దక్కేది వీటికే.

శ్రీశైలంలో శనివారం రాత్రి గది దొరకడం కష్టం. తెలిసినవాళ్ల ద్వారా ఒక సత్రంలో చెప్పించుకున్నాం. గది చిన్నది, భోజనం ఉచితం, రసం అద్భుతం. లాడ్జి కంటే సత్రమే మేలు, మంచాలు లేకపోయినా. తెల్లవారి దర్శనం రెండు గంటల్లో అయింది, మా ఆవిడ ముఖం వెలిగింది, నాకు శుక్రవారం పాపం పోయింది.

తర్వాత సున్నిపెంటలో అటవీ శాఖ జీవవైవిధ్య పరిశోధన కేంద్రానికి వెళ్లాం. సీసాల్లో భద్రపరిచిన పాములు, బల్లులు చూశాక, ఒక జాతిని తేల్చడానికి ఎంత ఓపిక కావాలో మా అమ్మాయికి అర్థమైంది. ముందుగా ఫోన్ చేసి అనుమతి అడిగి వెళ్లడం మంచిది, అది టూరిస్టు స్పాట్ కాదు. వేసవిలో అడవి తగలబడితే పెద్ద జంతువులు పరిగెత్తిపోతాయి, ఆకుచెత్తలో ఉండేవి ఎక్కడికి పోతాయని అక్కడ ఒకాయన అన్న మాట గుర్తుండిపోయింది. మార్చి నుంచి మే దాకా సిగరెట్ పీక విసిరేవాళ్లు ఇది వినాలి.

తిరుగు దారిలో తుమ్మలబైలు సఫారీ. జీపు బాగానే ఉంది, దుప్పులు, నెమళ్లు కనిపించాయి. కానీ డ్రైవర్ ధ్యాసంతా పులి మీదే. చిన్నదేదైనా కనిపించి ఆపమంటే వెనక జీపు వస్తోందంటాడు. పిల్లలకు సరదా, నాలాంటి వాళ్లకు దండగ. ఆ డబ్బుతో అనుపులో ఇంకో పూట గడపొచ్చు.

దోర్నాల గేటు ఇంకో ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా బావమరిది ఉన్నట్టుండి బ్రేక్ వేశాడు. రోడ్డుకి అడ్డంగా ఒక ఉడుము, తీరిగ్గా, నాలుక ఆడిస్తూ నడుస్తోంది. వాడు ఇండికేటర్ వేసి, చెయ్యి బయటపెట్టి వెనకవాళ్లను ఆపాడు. హారన్లు మొదలయ్యాయి. వెనక కారులోంచి ఒకాయన దిగి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ, పులా?"

"కాదండీ, ఉడుము" అన్నాడు బావమరిది.

"ఓస్, ఉడుమా!" అని ఆయన వెనక్కి తిరిగాడు.

"ఉడుమేనండీ. దాటనివ్వండి" అని వాడు ఇంజన్ ఆపేశాడు.