సూపర్‌కంప్యూటర్ పరిచయ శిక్షణ: రెండున్నరేళ్లు వాడాక నా అభిప్రాయం

రెండున్నరేళ్ల కిందట మే నెలలో, తిరుపతిలో మా విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో రెండు రోజుల శిక్షణకు కూర్చున్నాను. పరిశోధక విద్యార్థులకు హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్‌ను, అంటే సూపర్‌కంప్యూటర్లతో పెద్ద లెక్కలు చేయడాన్ని, పరిచయం చేసే శిక్షణ అది. అందరూ హెచ్‌పీసీ అనే అంటారు. బయట మండే ఎండ, లోపల నలభై మందిమి, రుసుము లేదు. రెండో రోజు సాయంత్రం అభిప్రాయ పత్రం ఇస్తే అన్ని గడుల్లోనూ అయిదుకు అయిదు వేసి ఇచ్చాను. నేర్చుకున్నది పనిలో పెట్టకముందు వేసిన మార్కులవి. సూపర్‌కంప్యూటర్‌కు పంపే ఒక్కో లెక్కను జాబ్ అంటారు. అలాంటివి వందలు నడిపాక ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

నా పని ముందు చెప్పాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ నాలుగు రోజుల వాతావరణాన్ని డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే నమూనాతో కంప్యూటర్‌లో మళ్లీ నడిపించి, శేషాచలం కొండల వల్ల వాన ఎంత పెరిగిందో చూడడం నా పరిశోధన. నమూనా ప్రాంతాన్ని చదరపు గడులుగా విడదీసి లెక్క వేస్తుంది. కొండల ఎత్తుపల్లాలు దానికి సరిగ్గా కనిపించాలంటే గడి వెడల్పు తొమ్మిది కిలోమీటర్ల నుంచి మూడుకు తగ్గించాలి. అప్పుడు అదే విస్తీర్ణంలో గడులు తొమ్మిది రెట్లవుతాయి. ఒక్కో లెక్కకు నమూనా ముందుకు వేసే కాలపు అడుగును కూడా మూడో వంతుకు కుదించాలి. అంటే మొత్తం పని ఇరవై ఏడు రెట్లు. నా ల్యాప్‌టాప్‌తో అయ్యేది కాదు కాబట్టే శిక్షణకు పేరిచ్చాను.

మొదటి రోజు ఉదయమంతా చరిత్రకే పోయింది. 1991లో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన సూపర్‌కంప్యూటర్ పరమ్ 8000, 2015లో 4,500 కోట్ల రూపాయలతో మొదలైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్న పరమ్ ప్రవేగ. దాని సామర్థ్యం 3.3 పెటాఫ్లాప్స్ అని బోర్డు మీద రాశారు. అంటే సెకనుకు దాదాపు 3,300 లక్షల కోట్ల లెక్కలు. వింటుంటే ఒళ్లు పులకరించిన మాట నిజమే. కానీ మొత్తం శిక్షణే రెండు రోజులైనప్పుడు దీనికి అరగంట చాలు.

మధ్యాహ్నం నుంచి చేతులతో చేయించారు, అక్కడే శిక్షణ విలువ బయటపడింది. లాగిన్ అవడం, మాడ్యూల్ (అక్కడ ముందే సిద్ధంగా ఉంచిన సాఫ్ట్‌వేర్) ఎక్కించడం, జాబ్‌కు ఏం కావాలో చెప్పే స్క్రిప్టు రాయడం, ఎస్‌బ్యాచ్ కమాండ్‌తో పంపడం, ఎస్‌క్యూ కమాండ్‌తో అది క్యూలో ఎలా ఉందో చూడడం. మొదటి స్క్రిప్టు పంపగానే మాలో చాలామందికి ఒకే పొరపాటు సందేశం వచ్చింది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైలులో ప్రతి పంక్తి చివర కంటికి కనిపించని ఒక గుర్తు అదనంగా ఉంటుందట. జాబులను క్యూలో పెట్టి నడిపించే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని ఒప్పుకోదు. శిక్షకులు వెంటనే పరిష్కారం చెప్పలేదు. ఆ సందేశాన్ని ఒకరిచేత పైకి చదివించారు, రెండోసారి ఇంకా నెమ్మదిగా చదివించారు. అందులోనే కారణం రాసి ఉందని అప్పుడు చూశాం. డాస్‌టుయునిక్స్ అనే చిన్న కమాండ్‌తో సమస్య తీరిపోయింది. పొరపాటు సందేశాన్ని చివరిదాకా చదివే అలవాటు నాకు ఆ పది నిమిషాల్లో పట్టుబడింది. దానికి మాత్రం ఇప్పుడూ అయిదుకు అయిదే.

లాగిన్ నోడ్ గురించి, అంటే మనం మొదట లాగిన్ అయ్యే కంప్యూటర్ గురించి కూడా గట్టిగా చెప్పారు. అది అందరూ కాలు పెట్టే గడప లాంటిది, పెద్ద లెక్కలు అక్కడ నడపకూడదు, ఒకరు నడిపితే మిగతా అందరికీ ఫైలు తెరవడమే కష్టమవుతుంది అని. ఆ మాట చెవినపడకపోతే మొదటి వారంలోనే నేను ఆ తప్పు చేసి ఉండేదాన్ని.

ఇక క్యూ సంగతి. క్యూ అనగానే తిరుపతివాళ్లకు కొండమీది కంపార్ట్‌మెంట్లే మనసులో మెదులుతాయి. ముందు వచ్చినవాళ్లు ముందు వెళ్తారు అనుకుంటాం. స్లర్మ్ క్యూ అలా నడవదు. దాన్ని ఒక శిక్షకుడు పెళ్లి భోజనాలతో వివరించారు. పదిమంది ఉన్న కుటుంబం ఒకే వరుసలో కూర్చోవాలనుకుంటే పది ఆకులు పక్కపక్కన ఖాళీ అయ్యేవరకు ఆగాలి. ఈలోగా రెండు ఆకులు ఖాళీగా ఉన్నాయి. వెనకాల నిల్చున్న ఇద్దరు ‘మేం అయిదు నిమిషాల్లో తిని లేస్తాం’ అంటే వాళ్లను కూర్చోబెడతారు. కుటుంబానికి ఆలస్యం కాదు, ఆకులు ఖాళీగా ఉండవు. దీన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. అయితే ఎంతసేపట్లో లేస్తారో ముందే నిజం చెప్పాలి. చెప్పిన సమయం దాటితే సగం తిన్న విస్తరి ముందునుంచి లేపేస్తారు.

ఈ ఒక్క పోలికతో నేను చాలామందికి సాయం చేయగలిగాను. కిందటేడు మా విభాగంలో జూనియర్ ఒకమ్మాయి వచ్చి, ‘అక్కా, నా జాబ్ రెండు రోజులుగా పెండింగ్‌లోనే ఉంది’ అంది. ఎంత సమయం అడిగావమ్మా అంటే డెబ్బై రెండు గంటలని చెప్పింది. అంతకుముందు అదే లెక్క ఎంతసేపట్లో అయిందని అడిగితే, మూడు గంటల్లోపే. స్క్రిప్టులో నాలుగు గంటలని మార్చి మళ్లీ పంపాం. మేం క్యాంటీన్‌కు వెళ్లి వచ్చేసరికి నడుస్తోంది.

రెండో రోజు ఉదయం గంటసేపు జరిగిన పాఠం నా దృష్టిలో మొత్తం శిక్షణకు ప్రాణం. శిక్షకుడు నా దగ్గరికి వచ్చి, ‘మీ లెక్కకు ఎన్ని కోర్లు కావాలండీ?’ అన్నారు. కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్క చేయగల ఒక భాగం. ‘ఎన్ని ఉంటే అన్ని సార్’ అన్నాను. ఆయన బోర్డు దగ్గరికి వెళ్లి ఆమ్‌డాల్ సూత్రం రాశారు. 1967 నాటిది. ప్రోగ్రాములో అయిదు శాతం పని ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాల్సి ఉంటే, 48 కోర్లు పెట్టినా వేగం దాదాపు 14 రెట్లే పెరుగుతుంది. 96 పెడితే దాదాపు 17. ఎన్ని వేల కోర్లు పెట్టినా 20 దాటదు. ఆ తర్వాత మాచేత సొంత ప్రోగ్రాములతో కొలిపించారు. నా నమూనాలో ఒక రోజు వాతావరణానికి 12 కోర్లతో 5 గంటల 20 నిమిషాలు పట్టింది. 24తో 2 గంటల 50 నిమిషాలు, 48తో గంటా 40 నిమిషాలు, 96తో గంటా 25 నిమిషాలు. 48 నుంచి 96కు పోతే నాకు మిగిలింది పావుగంట. ఆ పావుగంటకు ఖర్చు 80 కోర్ గంటల (కోర్ల సంఖ్యను గంటలతో హెచ్చిస్తే వచ్చేది) నుంచి 136కు పెరిగింది. ఆ పట్టిక కాగితం ఇప్పటికీ నా బల్ల మీద అంటించి ఉంది. ఈ రెండున్నరేళ్లూ 48 దగ్గరే ఉన్నాను.

కోర్లు పెంచితే లెక్క ఆగిపోవడం కూడా ఉందని తర్వాత సొంతంగా తెలుసుకున్నాను. డబ్ల్యూఆర్‌ఎఫ్ ప్రాంతాన్ని ముక్కలు చేసి ఒక్కో కోర్‌కు ఒక్కో ముక్క ఇస్తుంది. ముక్క వెడల్పు గానీ పొడవు గానీ పది గడులకంటే తగ్గితే మొదలుపెట్టకుండానే నిరాకరిస్తుంది. ఇలాంటివి ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో రకం. పరిచయ శిక్షణలో అన్నీ చెప్పలేరు, దాన్ని లోపంగా చూడను.

లోపంగా చూసేవి రెండు. మొదటిది, మధ్యలో ఆగిన లెక్కను అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టడం గురించి ఒక్క మాటైనా చెప్పలేదు. మొదటి పెద్ద జాబ్ పంపినప్పుడు గడువు తక్కువగా అడిగాను. నాలుగు రోజుల వాతావరణంలో మూడున్నర రోజులు పూర్తయ్యాక గడువు ముగిసి ఆగిపోయింది. ఆగిన చోటి నుంచి మొదలుపెట్టడానికి నమూనా మధ్యమధ్యలో రాసే రీస్టార్ట్ ఫైలు ఉంటుందని వెతికితే ఒక్కటీ లేదు. ఆ ఫైళ్ల విరామం నిమిషాల్లో ఇస్తారు. నేను ఎక్కడినుంచో తెచ్చుకున్న సెట్టింగుల ఫైలులో అది 7200 అని ఉంది, అంటే అయిదు రోజులు. నా లెక్క మొత్తం నాలుగు రోజులే. 360 అని మార్చి, మొదటి నుంచి నడిపాను. గడువు ఉన్న యంత్రం మీద పని నేర్పేవాళ్లు గడువు తీరితే ఏమవుతుందో కూడా నేర్పాలి.

రెండోది నాకు ఇంకా మనసులో కలుక్కుమంటుంది. స్క్రాచ్ అనే తాత్కాలిక నిల్వలో కొన్నాళ్లు ముట్టని ఫైళ్లు వాటంతట అవే చెరిగిపోతాయి. శిక్షణలో ఇది ఒక స్లైడు చివర ఒక పంక్తి. ఇంట్లో పెళ్లికని వెళ్లి నెలన్నర తర్వాత వచ్చాను. ఫోల్డర్లు ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఆరు వారాల ఫలితాలు. నియమం తప్పని అనను, అందరూ పంచుకునే నిల్వ అలాగే ఉండాలి. కానీ కొత్తవాళ్లను ఆ పంక్తి దగ్గర ఆపి, అప్పటికప్పుడు ఒక ఫైలును తమ కంప్యూటర్‌కు తెచ్చుకునేలా చేయిస్తే పది నిమిషాలు పడుతుంది. ఫైళ్లను ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి నకలు చేసే ఆర్‌సింక్ కమాండ్ ఒక్కటి చాలు. నిల్వ పాఠానికి అయిదుకు ఒకటే వేస్తాను.

భాష గురించి చెప్పకుండా ఉండలేను. పాఠమంతా ఇంగ్లీషులో సాగింది. ప్రశ్నలు అడిగినవాళ్లు అయిదారుగురు, ఎప్పుడూ వాళ్లే. భోజన విరామంలో ఒక శిక్షకుడు తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టగానే చుట్టూ పదిహేనుమంది మూగారు. మదనపల్లె నుంచి వచ్చిన ఒకబ్బాయి అడిగిన ప్రశ్న గుర్తుంది: ‘సార్, హాస్టల్‌లో కరెంటు పోయి నా ల్యాప్‌టాప్ ఆగిపోతే అక్కడ జాబ్ కూడా ఆగిపోతుందా?’ ఎస్‌బ్యాచ్‌తో పంపాక జాబ్ అక్కడి నోడ్ మీద ఉంటుంది, మీ ల్యాప్‌టాప్ ఆపి నిద్రపోవచ్చు అని ఆయన చెప్పారు. తలలూపినవాళ్లలో నేనూ ఉన్నాను. రోజంతా పాఠం విన్నా ఆ అనుమానం నాకూ తీరలేదు. పెళ్లి భోజనాల పోలిక కూడా ఆ విరామంలో వచ్చిందే. స్లైడ్ల మీద ఇంగ్లీషు ఉండనీయండి, కమాండ్లు ఎలాగూ అవే. వివరణ తెలుగులో ఉంటే ఆ నలభై మందిలో నలభై మందీ ప్రశ్నలు అడుగుతారు.

వెళ్లాలా అంటే తప్పకుండా వెళ్లండి. సొంత ప్రోగ్రామో సొంత డేటానో చేతిలో పట్టుకుని వెళ్లండి. వాళ్లిచ్చే నమూనా ఫైలుతో కొలిస్తే ఆ రోజుకే పనికొస్తుంది. వీలైతే ఆరు నెలలు పని చేశాక ఇంకోసారి కూర్చోండి. నేను అలా రెండోసారి వెనక వరుసలో కూర్చున్నప్పుడు, మొదటిసారి చెవికి తాకకుండా పోయిన మాటలు ఎన్నో వినిపించాయి.

వచ్చే శిక్షణలో నిల్వ గురించి, రీస్టార్ట్ గురించి ఒక గంట విడిగా పెట్టమని నిర్వాహకులకు ఉత్తరం రాశాను. ఒప్పుకున్నారు. ఆ గంట తెలుగులో నన్నే చెప్పమన్నారు. చెరిగిపోయిన ఆ ఫోల్డర్లను అలాగే ఉంచాను. ముందుగా వాటినే తెరిచి చూపిస్తాను.