పొరపాటు తర్వాతి గంటకు శిక్షణ: నెల్లూరులో ఒక రోజు

నెల్లూరులో ఒక ప్రైవేటు కేంద్రం నర్సులకు నిర్వహించిన సిమ్యులేషన్ శిక్షణకు, పన్నెండేళ్లుగా వార్డులో పనిచేస్తున్న నేను కొంత అనుమానంతోనే వెళ్లాను. మందుల చీటీలో యూనిట్లకు బదులు రాసిన ఇంగ్లిషు పొడి అక్షరం ‘U’ సున్నాలా కనిపించి 4 యూనిట్ల ఇన్సులిన్ కాస్తా 40 అయ్యే సన్నివేశాన్ని బొమ్మ రోగిపై నడిపించి, బంధువులకు విషయం చెప్పడం, చేతులు వణుకుతుండగానే మిగతా రోగులను చూసుకోవడం కూడా మా చేత చేయించారు. పొరపాటు చేసి కుంగిపోయే వైద్యుల గురించి 2000లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ వూ వాడిన ‘రెండో బాధితులు’ అనే మాట నర్సులకూ వర్తిస్తుందని వివరించి, తప్పెవరిదని కాక, ఆ క్షణంలో ఏమనిపించిందని అడుగుతూ సాగించిన చర్చే ఈ శిక్షణకు ప్రాణం. మా వార్డుల్లోనైతే ఆ ప్రశ్న కంటే ముందు మెమో వస్తుంది. అయితే ముప్పై మందికి ఒకే బొమ్మ ఉండటం వల్ల చర్చకు అరగంటే మిగిలింది. బృందం పదిమందికి మించకపోతే మళ్లీ వెళతాను.