ఇంట్లోకి ఎలక్ట్రిక్ కిల్న్ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

బెంగళూరులో ఇంట్లోనే మట్టిపని చేసుకుంటూ సొంత కిల్న్ (మట్టి వస్తువులు కాల్చే బట్టీ) పెట్టుకుందాం అనుకుంటున్న వాళ్ళందరికీ చెప్తున్నా. "పదిహేను ఆంప్ ప్లగ్ చాలు మేడం, గీజర్‌కి పెట్టేదే" అని ఎవరైనా అంటే బేరం అక్కడితో ఆపేయండి. నాకు సరిగ్గా ఆ మాటే చెప్పి, వాట్సాప్‌లో కూడా అదే రాసి పంపి, 6 కిలోవాట్ల కిల్న్ అంటగట్టారు. ఎన్ని కిలోవాట్లు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా అని ముందే అడిగాను. "డొమెస్టిక్ మోడల్ మేడం" అన్నారే తప్ప అంకె చెప్పలేదు, బిల్లు మీదా అదే రాశారు. రేటింగ్ ప్లేటు (ఎన్ని వోల్టులు, ఎన్ని కిలోవాట్లు అని రాసి ఉండే రేకు) వెనకవైపు ఉంది, ప్యాకింగ్ విప్పాకే కనబడింది. బిగించడానికి వచ్చిన వాళ్ళ మనిషికి చూపిస్తే "అది మాగ్జిమమ్, అంత లాగదు" అని మామూలు పవర్ ప్లగ్గే పెట్టి వెళ్ళిపోయాడు.

లెక్క చాలా చిన్నది. మన సప్లై 230 వోల్టులు. 6000ని 230తో భాగిస్తే 26 ఆంపులు. మనం పదిహేను ఆంప్ అని పిలిచే పెద్ద సాకెట్ (దాని మీద 16 అని ఉంటుంది) అంచుదాకా వాడినా మోసేది 3.7 కిలోవాట్లలోపే. గీజర్ 2 కిలోవాట్లది, 9 ఆంపుల్లోపు లాగుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. కిల్న్ అలా కాదు. బిస్క్‌కి (పూత వెయ్యకముందు మొదటిసారి కాల్చడానికి) 1000 డిగ్రీల దాకా, స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టి మీద గ్లేజ్‌కి (గాజులాంటి పూతకి) 1200 పైకి వెళ్ళాలి, అంటే ఎనిమిది పది గంటల పని, అందులో చివరి గంటల్లో కాయిల్స్ దాదాపు ఆగకుండా ఫుల్ లోడ్ మీద ఉంటాయి.

మొదటి ఫైరింగ్‌లో (కిల్న్‌లో మొదటిసారి కాల్చినప్పుడు) ఎంసీబీ, అంటే లోడ్ మితిమీరితే కరెంటు ఆపేసే స్విచ్, మాటిమాటికీ పడిపోవడం, ఆ తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన. ప్లగ్ పీకి చూస్తే ఫేజ్ పిన్ను నల్లబడి ఉంది, సాకెట్‌లో ఆ రంధ్రం చుట్టూ గోధుమరంగుకి తిరిగి, ఒక పక్క కరిగి లోపలికి కుంగిపోయింది. ఫోన్ చేస్తే అదే మనిషి మళ్ళీ వచ్చాడు, జేబులో 32 ఆంప్ ఎంసీబీ పెట్టుకుని. పాతది తీసేసి ఇది వేస్తే ఇక పడదు అన్నాడు.

అందరూ దయచేసి గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఎంసీబీ ఉండేది గోడలో వైరుని కాపాడటానికి. మా ఇంట్లో ఆ పాయింట్‌కి వచ్చేది 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. 32 వేస్తే 26 ఆంపులు హాయిగా పోతూనే ఉంటాయి, వైరు మాత్రం పైపులో, మన కంటికి కనబడని చోట, గంటల తరబడి కాలుతూ ఉంటుంది. పై అంతస్తులో ఓనర్ ఆంటీ, అంకుల్, వాళ్ళ మనవలు పడుకుంటారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. ముట్టుకోవద్దని చెప్పి పంపేశాను.

తర్వాత లైసెన్సున్న కాంట్రాక్టర్‌ని పిలిచి చూపించాను. ఇంత కిల్న్‌కి మీటర్ బోర్డు నుంచి విడిగా 6 స్క్వేర్ ఎంఎం కాపర్ లైను లాగాలి, దూరం ఎక్కువైతే ఇంకా లావుది. దానికి సరిపడా ఎంసీబీ, 32 ఆంప్ ఇండస్ట్రియల్ సాకెట్ (నీలం రంగుది), గట్టి ఎర్తింగ్ ఉండాలి, ఆ లైను మీద వేరే ఏదీ ఉండకూడదు. కొత్త కిల్న్ ఇటుకల్లో చెమ్మ ఉంటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) కూడా పడిపోవచ్చు, అప్పుడు తక్కువ వేడి మీద నెమ్మదిగా ఆరబెట్టాలి. ఆర్‌సీసీబీని బైపాస్ చేస్తానంటే మాత్రం ఎవర్నీ చెయ్యనివ్వకండి, కిల్న్ బాడీ అంతా రేకే, లీకైతే ముట్టుకున్నవాళ్ళకి షాక్ కొడుతుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇంకో తలనొప్పి. బెస్కామ్ (బెంగళూరు కరెంటు కంపెనీ) బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కి మంజూరైన లోడ్, ఎంతుందో చూడండి. మాది 3 కిలోవాట్లు, అంటే కిల్న్ ఒక్కటే దానికి రెట్టింపు. లోడ్ పెంచాలంటే కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే, అంటే ఓనరే అప్లై చెయ్యాలి. బిల్డింగ్‌కి త్రీ ఫేజ్ ఉన్నంత మాత్రాన మీ పోర్షన్‌కి మూడు ఫేజులూ వచ్చినట్టు కాదు, అదీ అడిగి తెలుసుకోండి. గృహజ్యోతి (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) కింద జీరో బిల్లు వచ్చేవాళ్ళు కూడా ఆలోచించుకోవాలి, ఈ సైజు కిల్న్ ఒక్కో ఫైరింగ్‌కి 30, 40 యూనిట్లు తింటుంది, నెలలో 200 దాటితే బిల్లు మొత్తం మనమే కట్టాలి.

సాయంత్రాలు మీ ఏరియాలో వోల్టేజ్ పడిపోతుంటే అది కూడా లెక్కలోకి తీసుకోండి. 230 ఉండాల్సింది 200కి దిగితే 6 కిలోవాట్ల కిల్న్ ఇచ్చేది నాలుగున్నరే, 1200 డిగ్రీలు ఎక్కక గ్లేజ్ పచ్చిగానే మిగిలిపోతుంది.

అమ్మినవాళ్ళు ఇప్పుడు "మీ ఇంటి వైరింగే బాలేదు" అంటున్నారు, డబ్బు వెనక్కి ఇవ్వం అంటున్నారు. ప్లగ్ చాలు అని వాళ్ళు పంపిన మెసేజ్, కరిగిన సాకెట్ ఫోటో, బిల్లు అన్నీ పెట్టి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను. మీరు ఎవరి దగ్గర కొన్నా సరే, రేటింగ్ ప్లేటు ఫోటో ముందు తెప్పించుకోండి, దాన్ని మీ ఎలక్ట్రీషియన్‌కి చూపించి, లైనుకి ఎంతవుతుందో అడిగి, ఆ ఖర్చు కూడా కిల్న్ ధరలో కలుపుకున్నాకే అడ్వాన్స్ కట్టండి. ఫోటో పంపడానికి నసిగితే మాత్రం కొనకండి.