లడఖ్‌కి పాత హిమాలయన్ 411: కార్బురేటర్‌దా, ఎఫ్ఐదా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ కార్బురేటర్‌తో (పెట్రోల్‌ని గాలిలో కలిపే పాతతరం పరికరం) 2016లో వచ్చింది, 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి (ఎఫ్ఐ, పెట్రోల్‌ని ఎలక్ట్రానిక్‌గా కొలిచి చిమ్మేది) మారింది. సెకండ్ హ్యాండ్‌లో రెండూ దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లో నడిపితే పెద్ద తేడా తెలీదు. లడఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ ఎక్కేటప్పుడు మాత్రం రెండూ వేర్వేరు బండ్లే. లడఖ్ కోసమే కొనేటట్టయితే ఎఫ్ఐదే తీసుకోండి.

పైకెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. ట్యాంక్‌బండ్ మీదా 21 శాతమే, ఖార్దుంగ్ లా మీదా 21 శాతమే. తగ్గేది పీడనం. హైదరాబాద్‌లో సుమారు 950 హెక్టోపాస్కల్స్ ఉండేది 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 660కి, 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా మీద 515కి పడిపోతుంది. సిలిండర్ అదే 411 సీసీ, అందులో పట్టే గాలి బరువు మాత్రం సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం లోపే. కంపెనీ చెప్పిన 24.5 హార్స్‌పవర్ అక్కడ 14కి అటూఇటూ. పోయిన ఆ పవర్‌ని ఎఫ్ఐ కూడా తిరిగి తేలేదు, అది గాలిని కుక్కి పంపే టర్బో చేసే పని.

ఎఫ్ఐ సరిచేసేది మిక్స్చర్‌ని, అంటే గాలి, పెట్రోల్ కలిసే పాళ్లని. గాలి పల్చబడినంతగా కార్బురేటర్ జెట్‌లో (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) పెట్రోల్ తగ్గదు, వర్గమూలం లెక్కన తగ్గుతుంది. అంటే ఆ ఎత్తులో మిక్స్చర్ 30 శాతం దాకా రిచ్ కావచ్చు, అంటే గాలికి మించి పెట్రోల్ పడుతుంది. ఐడిల్ తడబడుతుంది, సైలెన్సర్ నల్లపొగ కక్కుతుంది, ప్లగ్ విప్పితే ఎలక్ట్రోడ్ నిండా పొడి మసి. మెయిన్ జెట్ ఒకట్రెండు సైజులు చిన్నది వేయించి, ఐడిల్ కాస్త పెంచుకోవాలి. వేడి ఇంజిన్‌కి చోక్ లాగొద్దు. ఎయిర్ ఫిల్టర్ పీకేయమని చెప్పేవాళ్లు దారిపొడవునా తగులుతారు. వినకండి, ఆ దుమ్ముకి పిస్టన్ రింగులు అరిగిపోతాయి.

ఎఫ్ఐలో మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకెళ్లే గాలి పీడనం కొలిచేది) పీడనం చెబుతుంది, ఈసీయూ (బండి కంప్యూటర్) పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయం తగ్గిస్తుంది, సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ మిగతాది సర్దుతుంది. స్టార్టింగ్‌కి పేచీ ఉండదు. అయినా ఇద్దరెక్కి లగేజీ కట్టుకుంటే మలుపుల దగ్గర సెకండ్ గేర్‌లో లాగదు. ఫస్ట్‌కి దించాల్సిందే. బద్ధకించి హాఫ్ క్లచ్ మీద లాగిస్తే ప్లేట్లు కాలి వాసనొస్తాయి. ముందు స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) ఒక పన్ను తక్కువది వేయించుకుంటే నయం.

ఎఫ్ఐ బండి కొనేముందు తాళం తిప్పి చెవి పెట్టి వినండి: ట్యాంకులో పంపు రెండు మూడు సెకన్లు సుయ్‌మని ఆగాలి. స్టార్టయ్యాక చెక్ ఇంజిన్ లైటు ఆరాలి. పంపో సెన్సరో దారిలో పోతే రోడ్డు పక్క మెకానిక్ ఏమీ చేయలేడు. కార్బురేటర్‌కున్న ఒకే ఒక్క మేలు అక్కడే, ఎవరైనా విప్పి కడిగేస్తారు.

చౌకగా వచ్చిందని కార్బురేటర్ బండే తీసుకుంటే పాత జెట్ టూల్‌కిట్‌లో వేసుకోండి. కిందికి దిగగానే దాన్ని మళ్లీ బిగించకపోతే చిక్కటి గాలిలో మిక్స్చర్ లీన్ అయి (పెట్రోల్ చాలక), ఇంజిన్ హెడ్ వేడెక్కి, హైవే మీద పిస్టన్ పట్టేస్తుంది.